‘అకో సి రవి’ అన్న తర్వాత

ఫిలిప్పీన్స్ భాష తగాలోగ్ నేర్పే పుస్తకం ఏది తీసినా, వీడియో ఏది పెట్టినా మొదటి పాఠం దాదాపు ఒకటే. ‘మగందాంగ్ ఉమాగ పో’ అంటూ పొద్దుటి పలకరింపు. ‘అకో సి రవి’ అంటూ పేరు. ‘తగా-ఇండియా అకో’ అంటూ దేశం. వయసు, చదువు, ఉంటున్న ఊరు ఒక్కో వాక్యంలో ముగించి, మిమ్మల్ని కలవడం సంతోషం అనే అర్థంలో ‘ఇకినగగలాక్ కితాంగ్ మకిలాలా’ అని నోరు తిరగని వాక్యమొకటి చివర్లో అప్పజెప్పాలి. ఓ గంట కూర్చుంటే కంఠతా వచ్చే పాఠం. వచ్చాక మనకు ఏం వచ్చినట్టు అన్నదే ప్రశ్న.

తెలుగువాళ్లకు ఇది ఊసుపోక వేసుకునే ప్రశ్న కాదు. ఫిలిప్పీన్స్‌లోని దావావ్‌లో, మనీలా చుట్టుపక్కల వైద్య కళాశాలల్లో ఆంధ్ర, తెలంగాణ పిల్లలు ఏళ్ల తరబడి చదువుతున్నారు. కువైట్ ఇళ్లలో, దుబాయ్ హోటళ్లలో, సౌదీ ఆసుపత్రుల్లో మనవాళ్ల పక్కనే ఫిలిప్పీనోలు పనిచేస్తుంటారు. 2025లో ఫిలిప్పీన్స్ భారతీయ పర్యాటకులకు 14 రోజుల దాకా వీసా అక్కర్లేదంది; అదే ఏడాది అక్టోబరులో ఢిల్లీ నుంచి మనీలాకు నేరుగా విమానం మొదలైంది. వీటన్నిటికంటే పాత బంధం వరిది. లగూనా ప్రావిన్స్‌లోని లోస్ బాన్యోస్‌లో 1960లో పెట్టిన అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ 1966లో ఐఆర్-8 అనే వరి వంగడాన్ని విడుదల చేస్తే, దాన్ని పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో పండించి చూపించిన రైతు నెక్కంటి సుబ్బారావు. లోస్ బాన్యోస్ అచ్చమైన తగాలోగ్ సీమ. అక్కణ్ణుంచి విత్తనం వచ్చింది గానీ మాట రాలేదు.

ముందు ఇంగ్లీషు చాలదా అనేవాళ్ల సంగతి చూద్దాం. తేలిగ్గా తోసెయ్యదగ్గ వాదన కాదది. 1901 ఆగస్టులో ‘థామస్’ అనే ఓడలో అయిదు వందల మంది దాకా అమెరికన్ టీచర్లు మనీలాలో దిగారు. అప్పటి నుంచి ఆ దేశపు బడిలో ఇంగ్లీషు పాతుకుపోయింది. 1987 రాజ్యాంగం, తగాలోగ్ పునాది మీద నిలిచిన ఫిలిపినోను జాతీయ భాషగా ప్రకటిస్తూనే, అధికార భాషల వరసలో దాని పక్కన ఇంగ్లీషునూ కూర్చోబెట్టింది. వైద్య పాఠాలు ఇంగ్లీషులో, చట్టాలు ఇంగ్లీషులో, బ్యాంకు కాగితాలూ దుకాణాల బోర్డులూ చాలావరకు ఇంగ్లీషులోనే. కొత్తగా వచ్చినవాడు తంటాలు పడి తగాలోగ్‌లో ఓ ముక్క అంటే, ఎదుటివాళ్లు వాడి అవస్థ చూడలేక ఇంగ్లీషులో జవాబు చెప్తారు. దాంతో మాటలు ఇంగ్లీషు దారి పట్టేస్తాయి. నేర్చుకున్న నాలుగు వాక్యాలకూ ఇంకో కొత్త ముఖం ఎదురయ్యేదాకా పనే ఉండదు. అయిదారేళ్లు అక్కడే ఉండి, రోజూ కూరగాయలు కొనుక్కుంటూ, గుప్పెడు మాటలతో తిరిగొచ్చే విద్యార్థిని బద్ధకస్తుడనడం అన్యాయం. వాడికి అవసరం పడలేదు.

అవసరం నిజంగానే పడదా అంటే, అది ఎవరి మధ్య బతుకుతున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎదుటివాడు గడగడా ఇంగ్లీషు దంచుతుంటే ‘నోస్‌బ్లీడ్’ అంటూ ముక్కు పట్టుకోవడం ఫిలిప్పీనోల మామూలు పరిహాసం. నీ ఇంగ్లీషు ధాటికి నా ముక్కులోంచి రక్తం కారుతోందని. నవ్వుతూ అన్నా అందులో కొంత ఇబ్బంది ఉంది. ఇంగ్లీషు వచ్చు అన్నదానికి కాల్ సెంటర్ ఉద్యోగి దగ్గర ఒక అర్థం, చేపల బజారులో గంప ముందు కూర్చున్న ముసలమ్మ దగ్గర ఇంకో అర్థం. హైదరాబాద్‌లో ఇంగ్లీషుతో నెట్టుకురావచ్చు అన్నమాట ఎంత నిజమో ఇదీ అంతే నిజం. హైటెక్ సిటీలో నిజం, గాంధీ ఆసుపత్రి ఓపీ వరసలో కాదు.

సరే, ఆ ముసలమ్మ కోసమే నేర్చుకుంటున్నాం అనుకుందాం. మన పేరు, వయసు, చదువు ఆవిడకెందుకు? మొదటి పాఠాన్ని తప్పుపట్టేవాళ్ల రెండో వాదన ఇది. నాకు మొదటిదాని కంటే ఇదే గట్టిగా కనిపిస్తుంది. మనీలాలో దిగినవాడి నోట మొట్టమొదట రావలసిన మాటలు జీప్నీలో ఉంటాయి. ఆ బండిలో వెనక నుంచి ఎక్కి, రెండు పొడవాటి బల్లల మీద ఎదురెదురుగా కూర్చుంటారు. కండక్టరు ఉండడు. ‘బాయద్ పో’ అంటూ డబ్బు ముందున్నవాళ్ల చేతిలో పెడితే, అది చేతులు మారుకుంటూ డ్రైవరు దాకా పోతుంది. చిల్లర అదే దారిన వెనక్కొస్తుంది. దిగాల్సిన చోటు రాగానే ‘పారా పో’ అని కేకెయ్యాలి. ఈ రెండూ రానివాడు దిగాల్సిన చోట దిగలేడు. ‘అకో సి రవి’ రానివాడికి ఆ రోజు ఏ నష్టమూ లేదు. మొదటి పాఠం మనల్ని తరగతి ముందు నిలబెట్టి మాట్లాడిస్తుంది. కొత్త ఊళ్లో మనిషి తరగతి ముందు నిలబడడు, బండెక్కుతాడు.

దీనికి తోడు ఆ పాఠంలో కొన్ని వాక్యాలు జనం నోట వినిపించేవి కావు. ‘ఇకినగగలాక్ కితాంగ్ మకిలాలా’ తప్పు వాక్యమేమీ కాదు. సభల్లో, పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. మామూలు మనుషులు మాత్రం ఆ చోట ‘నైస్ టు మీట్ యూ’ అనేసి ఊరుకుంటారు. వయసు సంగతీ అంతే. ‘దలవంపుంగ్ తఓంగ్ గూలాంగ్’ అని పుస్తకం నేర్పితే, బయట స్పానిష్ అంకెతో ‘బెయింతే’ అనో, ఇంగ్లీషులో ‘ట్వెంటీ’ అనో అంటారు. తెలుగు నేర్చుకుంటున్న పరదేశి ఒకడు మనింటి గుమ్మంలో నిలబడి ‘తమ దర్శనభాగ్యం కలిగినందుకు మిక్కిలి ఆనందించుచున్నాను’ అంటే ఎలా ఉంటుందో చూసుకోండి. ముచ్చటపడతాం. మాట మాత్రం ఇంగ్లీషులోకి మార్చేస్తాం.

పాఠాన్ని సమర్థించేవాళ్ల దగ్గర ఏమీ లేదనుకోకూడదు. అర్థం విడదీసి చూడకుండా వాక్యాన్ని వాక్యంగా మింగడం వల్ల భాష వస్తుందా రాదా అన్నది భాషా బోధకుల్లో పాత తగువు. 1976లో లిలీ వాంగ్ ఫిల్‌మోర్ స్టాన్‌ఫర్డ్‌లో సమర్పించిన పరిశోధన ఈ విషయంలో తరచూ చెప్పుకునేది. స్పానిష్ మాట్లాడే అయిదుగురు పిల్లలు అమెరికా బడిలో ఇంగ్లీషు ఎలా పట్టుకున్నారో ఆవిడ దగ్గరుండి గమనించారు. ఆ పిల్లలు ముందుగా పట్టుకున్నది మొత్తం మొత్తంగా ఎత్తుకొచ్చిన వాక్యాలను. వాటితో ఆటల్లోకి దూరారు, స్నేహితులను చేసుకున్నారు. ఆ తర్వాత అవే వాక్యాలను ముక్కలు చేసి, ముక్కలతో కొత్తవి కట్టుకున్నారు. అయితే రెండేళ్లకే, 1978లో, స్టీఫెన్ క్రాషెన్, రాబిన్ స్కార్సెల్లా కలిసి దీనికి ఎదురు రాశారు. కంఠస్థం చేసిన వాక్యాల దారి వేరు, భాష లోపల పెరిగే దారి వేరు, మొదటిది రెండోదిగా మారిపోతుందని ఆశపడొద్దన్నారు.

ఎవరి మాట నమ్మాలి? తగాలోగ్ పరిచయ వాక్యాలనే ముందు పెట్టుకుని చూస్తే, ఇద్దరి మాటా నిజమేననీ, ఏ వాక్యం విషయంలో నిజమన్నదే తేడా అనీ అనిపిస్తుంది. ‘ఎస్తుద్యాంతే పో అకో’ తీసుకోండి. నేను విద్యార్థినండీ అని. మొదటి మాట ఊడదీసి ‘దోక్తోర్’ పెడితే డాక్టరునండీ. ‘గుతోమ్’ పెడితే ఆకలిగా ఉందండీ. ‘పగోద్’ పెడితే అలసిపోయానండీ. ‘తగా-హైదరాబాద్’ పెడితే హైదరాబాద్ నుంచి వచ్చానండీ. ఒక్క వాక్యంతో తరగతి గదీ గడుస్తుంది, హాస్టలు మెస్సూ గడుస్తుంది. ఇప్పుడు ‘ఇకినగగలాక్’ విప్పి చూడండి. ‘గలాక్’ అంటే సంతోషం. దాని మొదటి అక్షరాన్ని రెండుసార్లు పలికి, ముందు ‘ఇక’ అనే ఉపసర్గ తగిలించి, ఆ ఉపసర్గ మధ్యలో ‘ఇన్’ దూర్చి, సంతోషానికి కారణమేదో అది కర్త స్థానంలోకి వచ్చేలా క్రియను తిప్పితే ఆ మాట తయారవుతుంది. పక్కనున్న ‘కిత’లో నేను, నువ్వు రెండూ కలిసిపోయి ఉన్నాయి. తగాలోగ్ వ్యాకరణంలో కొరుకుడుపడని భాగమంతా ఆ ఒక్క వాక్యంలో ఉంటే, దాన్ని తెచ్చి మొదటి రోజు పాఠంలో పెట్టారు! మింగగలమే గానీ ముక్కలు చెయ్యలేం. క్రాషెన్ మాట దీనికి అచ్చంగా సరిపోతుంది, ఫిల్‌మోర్ మాట ‘ఎస్తుద్యాంతే పో అకో’కి సరిపోతుంది.

వ్యాకరణం ముందు, వాక్యాలు తర్వాత అనే పట్టుదలా నాకు అంతగా రుచించదు. పాల్ షాక్టర్, ఫే ఒతానెస్ 1972లో తెచ్చిన తగాలోగ్ వ్యాకరణం అయిదు వందల పేజీలు దాటిన ఉద్గ్రంథం. ఆ భాష మీద పని చేసేవాళ్లు దాన్ని తప్పించుకోలేరు. జీప్నీ ఎక్కేవాడికి దానితో పనిలేదు.

తెలుగువాడు ఈ పాఠం చదివేటప్పుడు ఇంకో సంగతి ఉంది. మనకు దొరికే తగాలోగ్ పాఠాలు దాదాపు అన్నీ ఇంగ్లీషు మీదుగా వస్తాయి. ఆ చుట్టుదారిలో మన చేతిలో ఉన్నదీ జారిపోతుంది. ‘అకో సి రవి’లో ఇంగ్లీషు ‘యామ్’కి సమానమైన మాట లేదు. ఇంగ్లీషు వాడికది వింత, అందుకే పాఠం దాని మీద పేరా ఖర్చుపెడుతుంది. ‘నా పేరు రవి’ అనే మనకు అందులో వింతేముంది? కానీ ఇంగ్లీషు పుస్తకం చేతిలో పట్టుకున్న తెలుగు విద్యార్థి కూడా ఆ ‘యామ్’ కోసం వెతుకుతాడు. ‘ఆంగ్ పఙాలన్ కో ఆయ్ రవి’ అన్న వాక్యంలో ‘ఆయ్’ కనిపించగానే దొరికిందనుకుంటాడు. అది ‘ఈజ్’ కాదు. మామూలుగా వెనక ఉండే మాటను ముందుకు తెచ్చినప్పుడు మధ్యలో పెట్టే సంధానం మాత్రమే. సహజమైన వరస ‘రవి ఆంగ్ పఙాలన్ కో’. ముందు చెప్పదలచిన సంగతి, తర్వాత అది ఎవరి గురించో. క్రియ ఉన్న వాక్యాల్లో అయితే మన వరసకు పూర్తిగా తలకిందులు: ‘నకతిరా అకో సా మనీలా’ అంటే ఉంటాను, నేను, మనీలాలో. ‘ఆయ్’ని ‘ఈజ్’గా పట్టుకున్నవాడు ప్రతి వాక్యంలో దాన్ని ఇరికించి, రోజూ పాఠ్యపుస్తకం చదువుతున్నట్టే మాట్లాడతాడు. అర్థమవుతుంది, నిజమే. కానీ ఆ అలవాటు మొదటి వారంలో పడితే వదిలించుకోవడం కష్టం.

అలాగే ‘మేము’, ‘మనం’ అన్న తేడా. ఇంగ్లీషులో లేదు, హిందీలో లేదు, తగాలోగ్‌లో ఉంది: ఎదుటివాణ్ణి వదిలేస్తే ‘కమీ’, కలుపుకుంటే ‘తాయో’. నలుగురు తెలుగు పిల్లలు కలిసి ఇంటి యజమానికి పరిచయం చేసుకుంటూ ‘మఙా ఎస్తుద్యాంతే పో కమీ’ అనాలి, మేము విద్యార్థులమండీ అని. ‘తాయో’ అన్నారంటే యజమానిని కూడా కాలేజీలో చేర్చినట్టే. ఢిల్లీ పిల్లలు తడబడే ఈ చోట తెలుగు పిల్లలు తడబడనక్కర్లేదు, తెలుగులోనే ఆలోచిస్తే. గురో అంటే టీచరు, ముక్‌హా అంటే ముఖం, దుఖా అంటే పేదరికం లాంటి సంస్కృతపు మాటలు చూసి సంబరపడేవాళ్లున్నారు. సంబరమే గానీ సంభాషణకు అవి పెద్దగా ఉపయోగపడవు. కమీ-తాయో ఉపయోగపడుతుంది.

‘పో’ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పరిచయ పాఠాన్ని పూర్తిగా పక్కన పెట్టెయ్యమనేవాళ్లను నేను ఇక్కడే ఆపుతాను. మన ‘అండీ’ చేసే పనే అదీ చేస్తుంది. దానితో పాటు ఒక్కరినే బహువచనంలో ‘కయో’ అనడం, మన ‘మీరు’ లాగే. బాగున్నావా అనే ‘కుముస్తా కా’ స్నేహితుడికి, బాగున్నారా అండీ అనే ‘కుముస్తా పో కయో’ స్నేహితుడి అమ్మకు. ఇంగ్లీషు మాట్లాడి నెట్టుకొచ్చేవాడికి ఈ గౌరవం చూపించే దారి లేదు. సార్, మేడమ్ అనడం ఒక్కటే మిగులుతుంది. పరిచయమే ‘పో’కి సరైన చోటు, ఎందుకంటే తొలిసారి కలిసినప్పుడే మనిషి మర్యాద చూస్తారు. అయితే ‘అండీ’ని యథాతథంగా అక్కడ అతికిస్తే రెండు చోట్ల తేడా వస్తుంది. మనం వాక్యం చివర పెడతాం. అక్కడ మొదటి మాట కాగానే, ‘అకో’ కంటే ముందు రావాలి. ‘ఎస్తుద్యాంతే అకో పో’ అన్నవాడు కొత్తవాడని తెలిసిపోతుంది. రెండోది వాడుక. మనం అమ్మను నువ్వంటాం, అమ్మకు అండీ పెట్టం. తగాలోగ్ ఇళ్లలో పిల్లలు అమ్మతోనూ ‘పో’ అంటారు. మరీ పరాయివాళ్లను వరస పెట్టి పిలవడంలో మాత్రం మనకూ వాళ్లకూ తేడా లేదు. ఆటో అన్న, పాల అక్క ఉన్నట్టే అక్కడ డ్రైవరు ‘కూయా’, దుకాణంలో అమ్మాయి ‘ఆతే’.

ఉచ్చారణలో ఒక అక్షరం మనకు బడిలో నేర్పి వాడుకలో ఎక్కడా ఇవ్వనిది. ‘పఙాలన్’లో ‘ఙ’. క, ఖ, గ, ఘ అయ్యాక దాన్ని పలకమంటే నవ్వుకుంటూ దాటేసిన అక్షరమే. తగాలోగ్‌లో మాట మొదట్లోనూ వస్తుంది. ‘ఙయోన్’ అంటే ఇప్పుడు. పుస్తకం చూసి సొంతంగా నేర్చుకునేవాళ్లు ‘పాన్-గలాన్’ అని రెండు ముక్కలు చేస్తారు. ఇలాంటివి విని పట్టుకోవలసిందే, చూసి కాదు. నొక్కు సంగతీ అంతే: ‘బాక’ అంటే ఆవు, ‘బకా’ అంటే బహుశా.

పేరు చెప్పడమే పరిచయానికి మూలం కదా, అక్కడ మనవాళ్లకు పాఠం చెప్పని చిక్కొకటి ఎదురవుతుంది. ‘అకో సి’ తర్వాత ఏం పెట్టాలి? మనకు ఇంటిపేరు ముందు. పాస్‌పోర్టులో దానికి వేరే గడి. ఫిలిప్పీన్స్ దరఖాస్తులో సొంత పేరు, ఇంటిపేరుల మధ్య ఇంకో గడి ఉంటుంది. అది వాళ్ల లెక్కలో తల్లి పుట్టింటి పేరు. వాళ్ల ఇంటిపేర్లకూ ఓ కథ ఉంది. 1849 నవంబరులో గవర్నరు జనరల్ నార్సిసో క్లావేరియా ఇంటిపేర్ల జాబితా ఒకటి అచ్చువేయించి ఊళ్లకు పంచాడు, పన్నుల లెక్క సరిగ్గా తేలడానికి. అల్బాయ్ ప్రావిన్స్‌లోని ఓఆస్ పట్టణంలో ఈనాటికీ ఆర్ అక్షరంతో మొదలయ్యే ఇంటిపేర్లు గుట్టలుగా కనిపించడం ఆ పంపకం ఫలితమే. అలా పైనుంచి దిగిన ఇంటిపేరు కాబట్టో ఏమో, ముఖాముఖిలో దాన్ని పెద్దగా పట్టించుకోరు. ‘పలాయావ్’, అంటే ముద్దుపేరు, అదే చెలామణి. దేశాధ్యక్షుడు ఫెర్డినాండ్ మార్కోస్ జూనియర్‌నే ‘బోంగ్‌బోంగ్’ అని పిలిచే చోట వెంకట సత్యనారాయణ అని పూర్తిగా చెప్పుకున్నవాడికి వారంలోగా ఓ కుదించిన పేరు సిద్ధమవుతుంది. అందుకని మీరే రెండక్షరాల పేరు ఎంచుకుని ‘అకో సి’ తర్వాత పెట్టడం మేలు.

‘తగా-ఇండియా అకో’ అన్న వాక్యమూ పుస్తకంలో ఉన్నంత అమాయకమైనది కాదు. ఫిలిప్పీన్స్‌లో వాడుకలో భారతీయుడికి పేరు ‘బుంబాయ్’. వీధి వీధికీ మోటారుసైకిలు మీద తిరుగుతూ చిన్న వ్యాపారులకు అప్పులిచ్చే పంజాబీల వల్ల ఆ మాటకు ‘ఫైవ్-సిక్స్’ అన్న వడ్డీ లెక్క అంటుకుపోయింది: అయిదు తీసుకుంటే ఆరు కట్టాలి. అల్లరి చేస్తే బుంబాయ్ ఎత్తుకుపోతాడని పిల్లలను భయపెట్టే తల్లులూ ఉండేవారు. దావావ్, సెబు వైపు మాట్లాడే బిసాయా భాషలో ఆ మాటకే ఉల్లిపాయ అన్న అర్థమూ ఉంది. దేశం పేరు చెప్పిన మరుక్షణం ‘ఆ, బుంబాయ్!’ అని నవ్వుతూ వచ్చే మాటను అవమానంగా తీసుకోవాలా వద్దా అన్నది చెప్పే మనిషిని బట్టి, గొంతును బట్టి. మూడొంతులు సరదాకే అంటారు. కానీ పరిచయం అంటే మన గురించి మనం నాలుగు వాక్యాలు చెప్పడమే అనుకున్నవాడికి, మన గురించి వాళ్ల దగ్గర అప్పటికే ఓ కథ సిద్ధంగా ఉందని తెలియదు. పాఠంలో దీనికి జవాబు ఉండదు.

అసలు జవాబులన్నీ పాఠం బయటే ఉంటాయి. ‘అకో సి రవి’ సరిగ్గా పలికితే శిక్ష ఏమిటంటే, ఎదుటివాళ్లు మనకు భాష వచ్చనుకుని గుక్క తిప్పుకోకుండా మాట్లాడతారు. తిన్నావా అని ‘కుమాయిన్ కా నా బా’ వస్తుంది. పెళ్లయిందా, తోబుట్టువులెందరు అని వస్తాయి. దారిలో కనిపిస్తే ‘సఆన్ కా పుపుంతా’, ఎక్కడికి వెళ్తున్నావని. బయల్దేరినవాణ్ణి ‘ఎక్కడికి’ అంటే కీడని ‘ఎందాకా’ అని చుట్టుతిప్పి అడిగే ఇళ్లలో పెరిగినవాడికి మొదట్లో చివుక్కుమంటుంది. అక్కడ అది పలకరింపు. ‘దియాన్ లాంగ్’, ఇక్కడిదాకే, అంటే చాలు. ఎక్కడికో ఎవరికీ నిజంగా అక్కర్లేదు. వయసు వాక్యం, కలవడం సంతోషం వాక్యం తీసేసి ఆ ఖాళీలో మూడు పెట్టుకుంటే మొదటి పాఠం మీద నాకు ఫిర్యాదుండదు. ‘కొంతి లాంగ్ పో’, కొంచెమే వచ్చండీ. ‘పకి-ఉలిత్ పో’, ఇంకోసారి చెప్పండి. ‘హిందీ కో పో మఇంతిందిహాన్’, నాకు అర్థం కాలేదండీ. ఆ చివరిదానిలో ‘హిందీ’ అంటే ‘కాదు, లేదు’ అని. విన్న భారతీయులంతా ఒకసారి తలతిప్పి చూస్తారు. ఈ మూడూ తెలిసినవాడితో ఎదుటివాళ్లు నెమ్మదిగా తగాలోగ్‌లోనే సాగుతారు. తెలియనివాడితో ఇంగ్లీషుకి మారతారు. ఇంగ్లీషు చాలు అన్న మొదటి వాదనకు నిజంగా బలం ఇచ్చేది ఈ మూడు వాక్యాల లోపమే.

ఇంత చేసి దావావ్ వెళ్లేవాడికి తగాలోగ్ సరైన భాషేనా అన్నది మిగిలింది. 2020 జనాభా లెక్కల్లో ఇంట్లో తగాలోగ్ మాట్లాడతామన్న కుటుంబాలు దాదాపు 40 శాతమే. 1937 డిసెంబరు 30న అధ్యక్షుడు మాన్యుయెల్ కెసోన్ దాన్ని జాతీయ భాషకు ఆధారంగా ప్రకటించినప్పటి అసంతృప్తి సెబు వైపు ఇంకా పూర్తిగా చల్లారలేదు. దావావ్ వీధుల్లో వినిపించేది ప్రధానంగా బిసాయా, దానిలో కలగలిసిన తగాలోగ్. టీవీ, సినిమా, బడి వల్ల తగాలోగ్ అందరికీ అర్థమవుతుంది. కాబట్టి నేర్చుకున్నది దండగ కాదు. పైగా ‘అకో సి రవి’, ‘తగా-ఇండియా’, ‘కుముస్తా’, కృతజ్ఞత చెప్పే ‘సలామత్’ రెండు భాషల్లోనూ చెల్లుతాయి. ‘మగందాంగ్ ఉమాగ’ మాత్రం ‘మఆయోంగ్ బుంతాగ్’ అవుతుంది. మనకు అంత సులువుగా పట్టుబడిన ‘పో’ బిసాయాలో లేనే లేదు.

కాబట్టి మనీలాకు వెళ్లేవాళ్లకు, లోస్ బాన్యోస్ వెళ్లేవాళ్లకు, గల్ఫ్‌లో ఫిలిప్పీనో సహోద్యోగులున్నవాళ్లకు తగాలోగ్ పరిచయం, కత్తిరించుకున్న రూపంలో, బాగానే పనికొస్తుంది. దావావ్ వైద్య విద్యార్థి మొదటి నెల దానితో గడిపి, ఆ తర్వాత బిసాయాకు మారడం తెలివైన పని. వార్డులకు పంపే ఏడాది వచ్చేసరికి తన పేరు చెప్పడం కంటే మంచం మీదున్న మనిషి పేరు అడగడం ఎక్కువ అవసరం: ‘ఉన్సా ఇమోంగ్ ఙాలన్?’ ఆ వెంటనే ‘ఆసా ఆంగ్ సకిత్?’, నొప్పి ఎక్కడ అని. రోగి వేలు పెట్టి చూపిస్తే సరే. ఎప్పుడు మొదలైంది, తింటే పెరుగుతుందా తగ్గుతుందా అని అడగాల్సి వచ్చినప్పుడు ఇంకా పక్కనున్న నర్సును పిలవాల్సిందే.